తడిపిల్లి వేసిన పందెం

కీలుంగ్ రేవు వెనక సందులో పీయున్‌కు టిఫిను కొట్టుంది. తెల్లవారకముందే పెనం ఎక్కించి, గుడ్డు రొట్టెలూ ముల్లంగి బిళ్ళలూ వేయించి, మధ్యాహ్నానికల్లా షట్టరు సగం దించేసేది. మొగుడితో తెగతెంపులై చాలా కాలమైంది. పిల్లలు లేరు. బయట వాన, లోపల తుడిచిన బల్లలు. ఆ మధ్యాహ్నాలు ఎంతకీ గడిచేవి కావు. ఫోనులో పోకర్ ఆడటం అలా అలవాటైంది. అన్నిటికన్నా చిన్న పందేలు కాసే బల్ల దగ్గరే కూర్చునేది. అక్కడ ఎవరికీ అసలు పేర్లుండవు. ఆమె తన పేరు తడిపిల్లి అని పెట్టుకుంది.

మొదట్లో ఆడిందల్లా పోయేది. మంచి ముక్కలు పడితే ఎదుటివాళ్లు బెదిరి పారిపోతారని చిటికెడు కాసేది. ముక్కలు లేనప్పుడు గుండెదడ దాచుకోవడానికి గుప్పెడు కుమ్మరించేది. ఓడిన ఆటలను మళ్లీ మళ్లీ తిప్పి చూసుకోగా సంగతి తెలిసింది. తన చేతిలో ఏముందో తానే చాటింపు వేసి చెబుతోంది.

ఇక ముక్కల సంబరం పక్కనపెట్టి, బల్ల మధ్యలో పందెం డబ్బు ఎంత పోగైందో ముందు చూడటం నేర్చుకుంది. అందులో సగమో, మూడో వంతో తేల్చుకుని, చేతిలో ఆసున్నా ఏమీ లేకపోయినా ఒకే తీరున కాసేది. చిన్న బల్లల దగ్గర జనం ముక్కలు పారేసి పోరని కూడా కనిపెట్టింది. "చూద్దాం పద" అని డబ్బు కట్టేవాళ్లను బెదిరించడం దండగ. అలాంటివాళ్ల దగ్గర ఉత్తుత్తి పందేలు మానేసి, నిజంగా మంచి ముక్కలు పడ్డప్పుడే పందెం కాసేది. మెల్లగా పోవడం ఆగింది. తర్వాత రావడం మొదలైంది.

ఆ వచ్చేదాంట్లో సింహభాగం నల్లటీ అనే ఆటగాడి దగ్గర్నుంచే. అచ్చం తను ఒకప్పుడు ఆడినట్టే ఆడేవాడు. అతను చిటికెడు కాస్తే తప్పుకునేది, గుప్పెడు కాస్తే కదలకుండా కూర్చునేది. పీయున్‌కు అతని మీద జాలి కలగలేదు. ఆట చేతికి పట్టుబడినందుకు సంతోషమే కలిగింది.

సమాధులు శుభ్రం చేసే పండుగనాడు అమ్మానాన్నలకు ధూపం వెలిగించి వచ్చాక అందరూ అన్న మావోతాంగ్ ఇంట్లో భోజనాలకు కూర్చున్నారు. రేవులో పెద్ద ఓడల్ని లాగే పడవ నడిపేవాడు మావోతాంగ్. మోకాలు పాడై ఇంటిపట్టునే ఉంటున్నాడు. అమ్మానాన్నలు పోయాక పీయున్‌ను పెంచింది ఆయనే. కొట్టు పెట్టించిందీ ఆయనే.

"ఏమే, నీకు తెలీదులే గానీ ఫోన్‌లో పేకాట ఒకటుంది," అన్నాడు చేప ముల్లు తీస్తూ. "అందులో నాకొక దరిద్రుడు తగిలాడు. తడిపిల్లి అట! నాకు ఆసులు పడ్డాయంటే చాలు, వాసన పసిగట్టి పారిపోతాడు. ఉత్తినే బెదిరిద్దామంటే గుంజలా కూర్చుంటాడు!"

"ఆ పిల్లి ఎవడో గానీ మీ మోకాలి మందుల డబ్బులు కూడా నాకేశాడు," అంది వదిన సూచిన్.

"అబ్బ, ఊరుకోవే!" అని పెద్దగా నవ్వాడు మావోతాంగ్.

నల్లటీ ఎవరో పీయున్‌కు తెలిసిపోయింది. "అన్నయ్యా, అది నేనే" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆయన అంత నవ్వుతుంటే చెప్పలేకపోయింది.

గెలిచిందంతా ఆటలోనే తిరిగి ఇచ్చేద్దామనుకుంది. మరునాటి నుంచి నల్లటీ గుప్పెడు కాస్తే మంచి ముక్కలు కూడా పారేసి తప్పుకునేది. చిటికెడు కాస్తే, ఓడతానని తెలిసి తెలిసీ డబ్బు కట్టేది. ఒకరోజు అన్న ఫోను చేశాడు.

"చెల్లీ, పిల్లి పని పట్టేశానే! మోకాలు పోతేనేం, బుర్ర పోలేదు నాకు!"

ఆ గొంతులో అంత హుషారు విని ఎన్నాళ్లయిందో. పీయున్ మనసు కాస్త కుదుటపడింది. తర్వాత నల్లటీ ఆ బల్లకు రావడం మానేశాడు. చాలనుకుని ఆట ఆపేశాడు కాబోలు అనుకుంది.

ముసురు పట్టిన నెలలో ఒక పొద్దున సూచిన్ కొట్టుకొచ్చింది. గొడుగు కూడా ముడవలేదు.

"మీ అన్నయ్య పెద్ద పందేల బల్లకెక్కారు అమ్మాయ్. ఆ పిల్లినే గెలిచినవాణ్ణి, ఇంకా పిల్లకాయలతో ఏం ఆడతానన్నారు. దాచుకున్నదంతా ఊడ్చుకుపోయారు అక్కడివాళ్లు. నిన్నట్నుంచి పచ్చి మంచినీళ్లు ముట్టట్లా."

పొయ్యి ఆర్పేసి పీయున్ వదిన వెంట వెళ్లింది. మావోతాంగ్ వసారాలో ముడుచుకుని కూర్చున్నాడు.

"అన్నయ్యా, నీ ముక్కలేమిటో నీ పందెమే చెప్పేస్తుంది. మంచివి పడితే చిటికెడు కాస్తావు. లేనప్పుడు గుప్పెడు."

"నీకెలా తెలుసే?"

"తడిపిల్లిని నేనే."

"అయితే మొదట్లో నా దగ్గర లాక్కున్నది నువ్వన్నమాట."

"నువ్వని తెలీదన్నయ్యా. ఒట్టు."

"మరి ఆ తర్వాత నేను గెలిచింది?"

పీయున్ తల వంచుకుంది.

"లాక్కుంటే లాక్కున్నావు, ఆటన్నాక అంతే," అన్నాడు మావోతాంగ్. "గెలిచానని ఎందుకు నమ్మించావే నన్ను?"

సూచిన్ గంజి తెచ్చి పెడితే ఆయన గిన్నె పక్కకు నెట్టేశాడు.

ఆట ఇద్దరూ మానేశారు. మావోతాంగ్ ఐసు ఫ్యాక్టరీలో కాపలా పనికి కుదిరాడు. కొట్టు ముందు నుంచే వెళ్లేవాడు గానీ లోపలికి వచ్చేవాడు కాదు. పీయున్ టిఫిను కట్టి పంపితే తినేవాడని వదిన చెప్పింది. దాంతోనే ఆమె సరిపెట్టుకుంది.

కొత్త సంవత్సరం నాడు అన్న ఇంట్లో, నలుగురు కూర్చుని పలకలతో ఆడే మాజాంగ్ ఆటకు బల్ల వేశారు. పీయున్ కూడా కూర్చుంది. నాలుగో మనిషి తక్కువైతే సూచిన్ ఆయన్ని పిలిచింది.

"అది కూర్చుంటే నేను కూర్చోను," అన్నాడు మావోతాంగ్, కోపం లేకుండానే. "గెలిచినా నమ్మలేను."

పీయున్ లేచి గోడవారన నిలబడింది. ఆయన ఒలుస్తున్న నారింజలో సగం తుంచి, ఆమె మొహం చూడకుండానే చేయి చాపాడు. తీసుకుంది. పుల్లగా ఉంది.