వాన ఆగాక వినిపించేది

షాపతను మీట నొక్కగానే ల్యాప్‌టాప్ లోపలి ఫ్యాన్ గుర్రుమంది. కీబోర్డు కింద ఎర్ర లైట్లు, నీలం లైట్లు వెలిగాయి. విజయవాడలోని ఆ చల్లటి షాపులో నిలబడి ఉన్నా నా చెవులు వేడెక్కాయి. పక్కనే ఉన్న మా తిరువూరు నాటక సమాజం ప్రెసిడెంటుగారు "దర్జాగా ఉందమ్మా, ఇదే తీసుకుందాం" అన్నారు. ఊరూరా తిరిగి ఆడే నాటకానికి శబ్దాలు వినిపించేది నేనే కాబట్టి, కొత్త ల్యాప్‌టాప్ ఎంచడానికి నన్ను వెంట తీసుకొచ్చారు. ఆ గుర్రు వింటే నాకు సువార్త టీచర్ గుర్తొస్తారు. ఆవిడ గుర్తొస్తే ఈ రోజుకీ కోపమే వస్తుంది.

మా సమాజంలో నాటకాలు ఆడించింది ఆవిడే. పగలు బడిలో లెక్కలు చెప్పి, సాయంత్రం మా అందరినీ తిట్టేవారు. నన్ను తిరువూరు బస్టాండులో పట్టుకున్నారు. ఒక మూల కూర్చుని కథల పుస్తకం చదువుకుంటున్నాను. "ఏంటే, పెదవులు కదుపుతున్నావ్? అందులోవాళ్ల మాటలు నీకు వినపడతాయా?" అని అడిగారు. తల ఊపాను. "అయితే రేపు రిహార్సల్‌కి రా. సౌండ్ దగ్గర కూర్చుందువుగాని. అక్కడ ఎవ్వరితోనూ మాట్లాడక్కర్లేదు." నలుగురిలో నోరు పెగలని నాకు అంతకంటే మంచి చోటు ఎవరు చూపిస్తారు? తీరా వెళ్లాక మాత్రం ఊరుకోలేదు. స్పీకర్ బొంగురుపోయిందని నేను గొణిగితే, "గట్టిగా చెప్పు! నీకు వినపడింది మాకు వినపడొద్దూ?" అని అరిచేవారు. ఇంటికి వచ్చి డైరీ నిండా ఆవిడను తిట్టుకునేదాన్ని. మర్నాడు మళ్లీ అందరికంటే ముందే వెళ్లేదాన్ని.

మొదటి ల్యాప్‌టాప్ కోసం ఆవిడా నేనూ ఇలాగే విజయవాడ బస్సెక్కాం. మా నాటకంలో ఒక తండ్రి, వాన వెలిసేదాకా కూతురి కోసం గుమ్మంలో నిలబడతాడు. వాన ఆగుతుంది. చాలాసేపు చడీచప్పుడూ ఉండదు. అప్పుడు ఒక్క మాట అంటాడు. ఆ వాన చప్పుడును టీచర్ పెన్‌డ్రైవులో తెచ్చి, షాపులో ఏసీ ఆపించి, ప్రతి ల్యాప్‌టాప్‌లోనూ పెట్టించారు. వాన ఆపేసి, దానికి చెవి ఆనించి కళ్లు మూసుకునేవారు. షాపతను నవ్వుతుంటే, "మేం వాన వినడానికి రాలేదు బాబూ. అది ఆగాక ఏం వినపడుతుందో వినడానికొచ్చాం" అన్నారు. చివరికి లోపల ఫ్యానే లేని పల్చటిదొకటి దొరికింది. షేర్ ఆటోలో ఒళ్లో పెట్టుకోవచ్చు. దాని పేరు రాసుకుని సంబరంగా తిరిగొచ్చాం.

ప్రెసిడెంటుగారు కొన్నది అది కాదు. "అంత చిన్నదైతే ఎట్టా టీచరమ్మా? దీనికి డబ్బిచ్చిన దాతగారు ఫొటో దిగితే కనపడొద్దూ?" అంటూ రంగురంగుల లైట్లున్న బండలాంటిది తెచ్చారు. టీచర్ దానితోనూ సర్దుకున్నారు. బల్ల మీద ఎత్తుగా పెట్టి, గాలి ఆడేలా చూస్తే ఫ్యాన్ చప్పుడు పెరగదని నాకు చూపించారు.

గంపలగూడెంలో నాటకం. తెర లేవబోయే ముందు కొబ్బరికాయ కొట్టడం మా సమాజం ఆనవాయితీ. ఆ రోజు ప్రెసిడెంటుగారు ల్యాప్‌టాప్‌కి బొట్టు పెట్టి, తడి బంతిపూల దండను దాని చుట్టూ తిప్పి వేశారు. వేడిగాలి బయటికొచ్చే చోటు పూలతో మూసుకుపోయింది. నేను దండ మీద చెయ్యి వేశాను. "దండ తీస్తావా? అపశకునం!" అని ఆయన కసిరారు. టీచర్ వైపు చూశాను. ఆవిడ తల దించుకున్నారు. నాకు అరవడం నేర్పిన మనిషి!

నాటకంలో తండ్రి గుమ్మంలో నిలబడే ఘట్టం వచ్చింది. వాన ఆపాను. ఆ నిశ్శబ్దంలో ల్యాప్‌టాప్ రొద మొదలుపెట్టింది. "ఒరేయ్, పిండిమర ఆపండ్రా!" అని జనంలోంచి ఎవరో అరిచారు. పందిరంతా నవ్వింది. తండ్రి వేషం వేసినాయన చెప్పిన మాట ఎవరికీ వినపడలేదు.

తెర పడ్డాక, "ఎందుకు మాట్లాడలేదు టీచర్?" అని నిలదీశాను. నేను గట్టిగా మాట్లాడటం అదే మొదటిసారి. ఆవిడ కోప్పడలేదు. "చర్చికెళ్లేదాన్ని, నేను తియ్యమంటే, అది దండ మీద మాట అవదే. దేవుడి మీద మాటవుతుంది" అన్నారు. మాట్లాడకపోయినా అదే అయింది. "ఆవిడకి మన పూజలంటే పడదు. అందుకే ఇట్టా తగలడింది" అని ప్రెసిడెంటుగారు అందరి ముందూ అన్నారు. ఒక్కరూ కాదనలేదు. టీచర్ తన వాన పెన్‌డ్రైవు నా చేతిలో పెట్టి వెళ్లిపోయారు. తర్వాత ఎన్నిసార్లు ఇంటికి వెళ్లి అడిగినా టీ ఇచ్చారు గాని, రిహార్సల్‌కి రాలేదు. తల దించుకున్నందుకు ఆవిడ మీద కోపం. దించుకునేలా చేసిన వాళ్ల మీద అంతకు పదింతలు.

ఆ పెన్‌డ్రైవునే ఇవాళ షాపతనికిచ్చాను. "ఏసీ ఆపండి. ఫ్యాన్ లేని ల్యాప్‌టాప్ చూపించండి." నా గొంతు షాపంతా వినపడింది. వాన పెట్టి, ఆపి, చెవి ఆనించాను. ఏమీ వినపడలేదు. "ఇదే" అన్నాను.

"అచ్చం ఆ టీచరమ్మలాగే తయారయ్యావే!" అని ప్రెసిడెంటుగారు నవ్వారు.

"అవునండి. ఇంకో మాట. పూజ మీ ఇష్టం. దండ మాత్రం దీని మీద వెయ్యనివ్వను."

ఆయన "సర్లే అమ్మా, దానిదేముంది" అనేశారు. అపశకునం అనలేదు. దేవుడి ఊసే రాలేదు. అదే నేను అంటే, అది దండ మీద మాటే అయింది.

తిరుగు బస్సులో ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. కొండపల్లి దాటినా, మైలవరం దాటినా నా కోపం తగ్గలేదు. ఈసారి అది టీచర్ మీద కాదు.