శుక్రవారం మొదటి ట్రిప్పు

కరోనా ఆంక్షలు పూర్తిగా తొలగిన ఏడాది నేను కువైట్‌లో ఒక నిర్మాణ కంపెనీకి ట్రాన్స్‌పోర్ట్ సూపర్వైజర్‌ని. పైన మేనేజరు, కింద డ్రైవర్లు. ఏ బస్సు ఎక్కడి నుంచి బయలుదేరి ఎవరిని ముందు ఎక్కించుకోవాలో నిర్ణయించడం నా పని. దాన్నే మేం రూటు వేయడం అంటాం. శుక్రవారాలు సెలవు గనక, మేనేజరు అనుమతితో ఒక బస్సును మా తెలుగు క్రైస్తవ సంఘం ఆరాధనకు వాడుకునేవాళ్లం. బాధ్యత నాది. తర్వాత కొంతకాలానికి, యాభై దాటగానే ఇఖామా, అంటే అక్కడి నివాస అనుమతి, రద్దు చేయించుకుని ఊరికి వచ్చేశాను. ఆ బస్సు గురించి అక్కడ ఇప్పటికీ ఒక అబద్ధం చెప్పుకుంటున్నారు. మొదలుపెట్టింది నేనే కాబట్టి సరిదిద్దాల్సిందీ నేనే.

ఒకటే బస్సు, రెండు ట్రిప్పులు. మొదటిది దూరంగా ఉండే సల్వా, ముబారక్ అల్ కబీర్‌లది. కువైటీల ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు, ఇంటి డ్రైవర్లు, ఎక్కువమంది కడప, రాయచోటి వైపువాళ్లు అందులో వచ్చేవారు. రెండోది బ్నీద్ అల్ గార్‌లో కాపురాలుండే గోదావరి జిల్లాల ఉద్యోగస్తులది. వాళ్లకు హాలు దగ్గర, కానీ వాళ్లు వచ్చేసరికి రెండు మూడు పాటలు అయిపోయేవి. వాళ్ల కోసం ఆగడానికి లేదు. మా తర్వాత హాలు ఇంకో భాష సంఘానిది. మా ఆఖరి ప్రార్థనకే వాళ్లు గుమ్మంలో నిలబడి ఉండేవారు.

గొడవంతా మైకు కోసం. ముందొచ్చిన ఏలీయా, సల్వాలో ఇంటి డ్రైవరు, దాన్ని వదిలేవాడు కాదు. రెండో ట్రిప్పు లోపలికి రావడం చూసి ఇంకో చరణం సాగదీసేవాడు. గోదావరి వైపు సంఘపెద్ద ప్రభుదాసు గారికి తన భార్యే పాడాలని పట్టుదల.

“మేం చప్పట్లు కొట్టడానికొస్తన్నామేటండీ?” అని ఆయన.

“మైకు నీ యింటి నుంచి తెచ్చినావా పెద్దన్నా?” అని ఏలీయా.

పాస్టరు అయ్యగారు సమాధానం గురించి, అంటే శాంతి గురించి, వాక్యం చెబితే, అది అవతలి వరసకేననుకుని రెండు వైపులా గట్టిగా ఆమేన్ అన్నారు. విసుగొచ్చి ఆయన పాటల సంగతి పట్టించుకోవడమే మానేశారు.

ఒకరోజు ప్రభుదాసు గారు మా గదికొచ్చి, “మొదటి ట్రిప్పు మాకేసెయ్యండి బ్రదర్. సెక్రటరీ సంగతి మేం చూసుకుంటామండి” అన్నారు. సంఘం సెక్రటరీకి వేదిక మీద, అయ్యగారి పక్కన కుర్చీ. ఆ కుర్చీ మీద నాకు ఏళ్లుగా కన్నుంది.

మా వృత్తిలో ఒక నియమం ఉంది. తిరిగి చేరడానికి గడువున్నవాళ్లను ముందు ఎక్కించాలి, ముందు దించాలి. దగ్గరివాళ్లు ఆగగలరు. ఈ సంగతి కొత్త డ్రైవర్లకు నేర్పేవాణ్ణే నేను. అయినా రూటు తిరగేశాను. ట్రాఫిక్ కారణం అని చెప్పాను. శుక్రవారం ఉదయం ఆ రోడ్ల మీద ట్రాఫిక్ ఏముంటుంది!

డ్రైవరు సత్తిబాబు అమలాపురం వైపు హిందువు. సల్వావాళ్లు వేళకి వెనక్కెళ్లాలి కదా అన్నాడు. చెప్పింది చెయ్యమన్నాను.

“చేత్తానండి. మీ దేవుడు ముందెక్కినోళ్ల పాటే ఇంటాడాండీ?” అన్నాడు.

పని చూసుకోమని కసిరాను.

రత్నమ్మ సల్వాలో ఒక ఇంట్లో వంట చేసేది. వారం మొత్తంలో ఆమె గేటు దాటేది ఆరాధనకే. శుక్రవారం మధ్యాహ్నం ఆ ఇంటి బంధువులంతా భోజనానికి వస్తారు, ఆలోగా తిరిగి రావాలని యజమానురాలి షరతు. ఆ యజమానురాలిని అక్కడి అలవాటు ప్రకారం ‘మామా’ అనేది. కొత్త రూటులో తిరుగు ప్రయాణం కూడా బ్నీద్ అల్ గార్‌కే ముందు. రత్నమ్మ ఇల్లు చేరేసరికి చుట్టాలు పళ్లేల ముందు కూర్చుని ఉన్నారు.

సాయంత్రం ఫోన్ చేసింది. “మామా ఖలాస్, ఇంతటితో సరి అనేసిందన్నా. ఇంగ నాకు చర్చి లేదు. కొట్లాడేది మీరు, గేటు మూసింది నాకు.”

సంఘంలో ఆలస్యం ఎందుకైందని అడిగారు. డ్రైవరు ఆలస్యంగా వచ్చాడని చెప్పాను. ప్రభుదాసు గారు తలూపారు. సత్తిబాబును శుక్రవారం డ్యూటీ నుంచి తీసేశాను.

సెక్రటరీనయ్యాను. వేదిక మీది కుర్చీ కూడా అందరి కుర్చీల్లాంటి ప్లాస్టిక్‌దే. అక్కడ కూర్చుని నేను చూసిందేమిటంటే, మొదటి పాట గోదావరివాళ్లకు దక్కగానే చివరి ప్రార్థన ఎవరిదని రెండు వైపులవాళ్లూ తగవు మొదలుపెట్టడం.

తర్వాత పాత రూటే వేశాను. రత్నమ్మ సెలవు మాత్రం తిరిగి రాలేదు. ఏలీయా, నేను వెళ్లి అడిగాం. గేటు దగ్గరే వద్దని చెప్పించి పంపేశారు. కాంట్రాక్టు ముగిసి ఊరెళ్లేదాకా ఆమె మళ్లీ ఆరాధనకు రాలేదు.

నేను నేర్చుకున్నది ఇంతే. రూటు వేసేవాడికి ఆ బస్సు వల్ల సొంత లాభం ఉంటే, ఆ రూటు వేరేవాళ్ల చేత వేయించాలి. నియమం తెలిసి ఉండటం చాలదు, నాకు తెలిసే ఉంది. ఇక అక్కడివాళ్లకు చెప్పాల్సింది: సత్తిబాబు ఆ శుక్రవారం ఆలస్యంగా రాలేదు. నేను చెప్పిన వేళకు, నేను చెప్పిన దారినే నడిపాడు.