సలేశ్వరం అట్ట

ఒక అట్టముక్క ఎంత బరువుంటుంది? తులం కూడా ఉండదేమో. దాన్ని నేను ఇరవై ఏళ్లుగా మోస్తున్నాను. ఇంట్లోవాళ్లకు చెప్పలేదు. మింగలేక, కక్కలేక ఇన్నాళ్లూ గడిపాను. ఇది చదివే మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు చెప్పను. అందుకే మీకు చెప్పడం సులువు. వింటారా?

మాది గద్వాల. మగ్గం ఇల్లు. మా ఆయన చీర నేస్తాడు, నేను కండెలు చుడతాను. నేను చెప్పబోయేది మా అత్త గురించి. నిజానికి నా గురించే, కానీ ఆమెను చెప్పకుండా నన్ను చెప్పుకోలేను.

అత్త వాళ్ల నాన్న చిలక జోస్యం చెప్పేవాడు. చిలక పోయింది, ఆయనా పోయాడు, చిలక తీసే బొమ్మల అలవాటు మాత్రం కూతురికి మిగిలింది. "చిలుక లేకుంటేంది, నాకు చేతులున్నయి గద" అనేది. చీరల మడతల్లో పెట్టే గట్టి అట్టలు కోసి, గుడి ముందు కొట్లలో దొరికే ఫొటోలను గంజితో అంటించి, అంచుకు పట్టుదారం కుట్టేది. మొత్తం పదకొండు. అలంపురం జోగులాంబ, బీచుపల్లి హనుమంతుడు, కురుమూర్తి, మన్నెంకొండ, ఉమామహేశ్వరం, అట్లా. ప్రతి అట్టనూ ఆ క్షేత్రానికి స్వయంగా తీసుకుపోయి గడపకు తాకించి తెచ్చేది. తాకించని అట్ట ఆమె దృష్టిలో ఉత్త కాగితం.

కష్టం వచ్చినవాళ్లు మా ఇంటికి వచ్చి కళ్లు మూసుకుని ఒక అట్ట తీసేవాళ్లు. అత్త జోస్యం చెప్పేది కాదు. ఏ క్షేత్రం వచ్చిందో చూసి, దాన్ని వాళ్ల అరచేతుల మధ్య పెట్టి, ఆ చోటు ఎట్లా ఉంటుందో చెప్పేది. బీచుపల్లి వస్తే కృష్ణ ఒడ్డున పొద్దుగూకే వేళ నీళ్లు ఎట్లా నిలబడి ఉంటాయో చెప్పేది. వింటూ వింటూనే మనిషి ముఖం తేటపడేది. ఆ చోటు బలం చేతుల్లోకి దిగుతుందని ఆమె నమ్మకం. ఎవరి దగ్గరా ఏమీ తీసుకునేది కాదు. ఎవరైనా బలవంతంగా రెండు జామకాయలు ఇస్తే, అవి నాకు పెట్టేది.

నాకు కూడా నేర్పింది. పెళ్లయిన కొత్తలో నేను పరధ్యానంలో పడుగు దారాలు పదిహేనో ఇరవయ్యో తెంపేశాను. మా ఆయన మండిపడుతుంటే, "పిల్లి దుంకిందిరా, నేను సూసిన" అన్నది అత్త. మా ఇంట్లో పిల్లి లేదు. మా వీధిలోనే లేదు. ఆ రాత్రి నవ్వలేక చచ్చాను. అప్పటినుంచి ఆమెకు నేను కోడల్ని కాదు, బిడ్డనే.

అంత చేసిన మనిషికి నేనేం చేశాను?

రెండువేల సంవత్సరం దాటి నాలుగైదేళ్లు. అప్పుడు ఇదంతా ఒకటే పాలమూరు జిల్లా. అత్తకు పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది. ఎనిమిది నెలలు మంచంలో ఉంది. నేనే చూసుకున్నాను. ఈ మాట గొప్పకు చెప్పడం లేదు, తర్వాత జరిగింది మీకు అర్థం కావాలని చెబుతున్నాను. రాత్రికి మూడుసార్లు లేచేదాన్ని. పగలు కండెలు చుడుతూ కూర్చునే నిద్రపోయేదాన్ని.

ఎండాకాలం మొదట్లో అత్త సలేశ్వరం అడిగింది. నల్లమలలో లోయలోకి దిగిపోవాలి. ఏడాదికోసారి, చైత్ర పున్నమి చుట్టూ నాలుగు రోజులే జనం పోతారు. పైనుంచి పడే నీళ్ల కింద తడిసి లింగమయ్యను చూసి వస్తారు. చిన్నప్పుడు నాన్న భుజాల మీద పోయిందట, తర్వాత కాళ్లున్నన్నాళ్లూ పోయింది. మిగతా పది చోట్లకూ నన్ను వెంట తీసుకుపోయింది గానీ సలేశ్వరం మాత్రం నేను చూడలేదు. పాత అట్ట తడిసి తడిసి చివికిపోయింది. ఎడమచేత్తోనే కొత్తది అంటించి, మీద కొవ్వొత్తి మైనం రుద్దింది. ఒకపూట పట్టింది ఆ పనికి. దాన్ని నీళ్ల ధార కింద పట్టి, తడిబట్టలో చుట్టి, ఆరనివ్వకుండా తెమ్మన్నది. ఇంక తను పోలేని స్థితి కాబట్టి, ఆ చోటునే తన దగ్గరికి తెమ్మన్నది.

ఆడబిడ్డ వచ్చి అత్త దగ్గర ఉంది. నేను ఒక్కదాన్నే బయలుదేరాను. అచ్చంపేట చేరితే అక్కడినుంచి జాతర జనంలో కలిసిపోవచ్చు. వనపర్తిలో దిగి నాగర్‌కర్నూల్ బస్సు కోసం నిలబడ్డాను. ఎదురుగా పెద్దమందడి బస్సు ఆగి ఉంది. పెద్దమందడి మా అమ్మగారి ఊరు.

ఎక్కాను. ఒక్క రాత్రి పడుకుని పొద్దున్నే పోదామనుకున్నాను. నిజంగానే అనుకున్నానా? ఇప్పటికీ తెలియదు. అమ్మ నన్ను చూసి ఏడ్చింది, తలకు నూనె పెట్టింది, "పండుకో బిడ్డా, జరసేపు పండుకో" అన్నది. పడుకున్నాను. లేచేసరికి మర్నాడు మధ్యాహ్నం. మళ్లీ తిని పడుకున్నాను. మూడు రోజులు పడుకున్నాను. ఇంకేదైనా పెద్ద కారణం ఉంటే బాగుండేది, మీకు చెప్పుకోవడానికైనా. లేదు. నాకు నిద్ర కావాలి, అంతే. ఇంత చిన్న దానికోసం ఒక మనిషి చివరి కోరికను తాకట్టు పెడతారా ఎవరైనా? నేను పెట్టాను.

నాలుగోరోజు పొద్దున అమ్మవాళ్ల బోరు దగ్గర చెంబుతో నీళ్లు పట్టి అట్ట మీద పోశాను. బట్ట తడిపి చుట్టాను. జాతరలో తెచ్చినట్టు ఉండాలని వనపర్తి బస్టాండులో విభూది పొట్లం కొన్నాను. దారంతా బట్ట ఆరిపోతుందేమోనని నాతో తెచ్చుకున్న సీసాలోని ఆ బోరు నీళ్లే చిలకరిస్తూ వచ్చాను. దొంగపనిలో నాకంత శ్రద్ధ ఉందని అప్పుడే తెలిసింది.

అత్త తలుపు వైపే చూస్తూ ఉంది.

"పోయొచ్చినవా బిడ్డా?"

"పోయొచ్చిన అత్తా."

"దిగేటప్పుడు వస్తున్నం లింగమయ్యా అన్నవా?"

"అన్న."

"పైకెక్కేటప్పుడు?"

"పోతున్నం లింగమయ్యా అన్న."

అవి ఆమె నాకు చెప్పి పంపిన మాటలే. వాటినే తిరిగి ఆమెకు అప్పజెప్పాను. అత్త ఎడమచేత్తో తడిబట్ట అందుకుని కళ్లకు అద్దుకుంది. ఏడుస్తూనే బట్ట అంచును పెదవుల మీద పిండుకుంది. పెదవులు చప్పరించింది.

"జర ఉప్పగున్నయేంది బిడ్డా? సలేశ్వరం నీళ్లు తియ్యగుంటయి గద."

మా అమ్మవాళ్ల ఊరి బోరు నీళ్లు ఉప్పన. పప్పు కూడా ఉడకదు. ఆ మాట నేను మర్చిపోయాను. నిజం చెప్పడానికి దేవుడు తలుపు తీసిపెట్టిన క్షణం అది. చెబితే ఆమె ఏం చేసేది? తిట్టేదా? పిల్లి దుంకిందని మళ్లీ నవ్వేదా? నేనేం అన్నానో తెలుసా?

"అవి నీ కన్నీళ్లత్తా."

ఆమె నమ్మింది. నవ్వింది కూడా. "గంతే అయ్యుంటది. నోటికి రుసి గిట్ల పోయింది నాకు" అన్నది. నా అబద్ధాన్ని నిలబెట్టడానికి తప్పును తన నాలుక మీద వేసుకుంది. అట్టను రొమ్ము మీద పెట్టుకుని, అక్కడి రాళ్లూ ధారా చల్లదనమూ ఒక్కొక్కటీ నాకే చెప్పింది, చూసి వచ్చిన నాకు. నేను "ఆఁ, ఆఁ" అంటూ కూర్చున్నాను. ఆ రాత్రి ఒక్కసారి కూడా నన్ను లేపలేదు.

నెల తిరగకముందే పోయింది. పోవడానికి రెండు రోజుల ముందు అట్టల మూట నా ఒళ్లో పెట్టింది. "ఇంక గివి నీవి. పదకొండు జాగలు తిరిగినవు. నీకు హక్కున్నది" అన్నది. అన్ని చోట్లకూ పోయినవాళ్లే ఆ అట్టలు పట్టాలని ఆమె నియమం. తేలు కుట్టిన దొంగలా తీసుకున్నాను.

ఇప్పుడూ జనం వస్తారు. చీరలకు రంగులద్దే ఆవిడ, కొత్తకోటలో లారీలు బాగుచేసే ఆయన భార్య, ఇంకా ఎవరెవరో. అట్ట తీస్తారు, అరచేతుల్లో పెట్టుకుంటారు, నేను ఆ చోటు గురించి చెబుతాను. అత్త మాటలే నా నోట్లోంచి వస్తాయి. వాళ్లు తేలికపడి పోతారు. నాకు చేతులెత్తి దండం పెడతారు. ఆ దండాలు ఆమెకు చెందాలి, నాకు కాదు. ఈ జీవితంలో నాకు దొరికిన మంచి అంతా ఆమె పెట్టిందే. మనుషుల ముందు నోరు తెరిచి మాట్లాడటం, ఒకరి బాధ పక్కన కదలకుండా కూర్చోవడం, అన్నీ. రోజూ దీపం పెడుతూ ఆమెకు మొక్కుకుంటాను. మొక్కిన ప్రతిసారీ ఆ "జర ఉప్పగున్నయేంది" వినిపిస్తుంది.

మూట విప్పే ముందు సలేశ్వరం అట్టను పక్కకు తీసిపెడతాను. ఒక ముసలమ్మ లెక్కబెట్టి, "పదకొండు గద ఉండె?" అన్నది. ఒకటి పాడైందన్నాను. అది అబద్ధం కాదేమో.

ఏ చైత్రంలోనైనా పోయి రావచ్చు కదా అంటారు మీరు. పోవచ్చు. ఇప్పుడు జీపులు దగ్గరిదాకా పోతున్నాయి. కానీ పోలేదు. కాళ్లకు బయలుదేరాలనే ఉంటుంది. ఆ నీళ్లు దోసిట్లో పట్టి తాగాలంటేనే భయం. అవి నిజంగా తియ్యగా ఉంటే?

క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించాల్సిన మనిషి లేదు. ఎవరో ఒకరికి చెప్పాలనిపించింది, చెప్పాను. విన్నారు, మీకు రుణపడి ఉంటాను. చెయ్యి కొంచెం తేలికగా ఉంది.

ఇది రాయడానికి ముందు ఆ అట్టను పెట్టెలోంచి తీశాను. మైనం మీద నీళ్లు ఆరిన తెల్లటి మరకలు ఇంకా ఉన్నాయి. పెదవులకు ఆనించి చూశాను.

అవి నీ కన్నీళ్లు కావత్తా. పెద్దమందడి బోరు నీళ్లు.