పొగ ఎటు పోతుంది

ఆ పది రోజుల్లో పేర్లక్కకి ఎదురైన ప్రతి మనిషి మీదా రోత పుట్టింది. అది మరిదితో మొదలై, మెషీన్లు అమ్మేవాళ్ళ మీదుగా సాగి, చివరికి అద్దంలో కనిపించే మనిషి దాకా వచ్చింది.

ఆవిడ పని పేర్లు చెక్కడం. పెన్నుల మీద, ఉంగరాల లోపల, వాచీల వెనక మూతల మీద, కుక్కల మెడలో వేలాడే బిళ్ళల మీద. అందుకే కాంప్లెక్సులో చిన్నాపెద్దా అందరికీ ఆవిడ పేర్లక్క. కొట్టు మెట్ల కింద ఉంది. మధ్యలో నిలబడి చేతులు చాపితే రెండు గోడలూ తగులుతాయి. ఉన్న ఒక్క బల్లలో ఎడమ సగం ఆవిడది, కుడి సగం వాచీలు బాగుచేసే భర్తది. ఇరవై ఆరేళ్ళుగా ఆ ఇద్దరి మోచేతులూ కొట్టుకుంటూనే ఉన్నాయి, ఇరవై ఆరేళ్ళుగా దాని మీద సణుగుడూ సాగుతూనే ఉంది.

భర్త పెళ్ళికి ముందు లోహాలకి పూతలు వేసే కార్ఖానాలో పనిచేసి ఛాతీ పాడుచేసుకున్నాడు. నాలుగు మెట్లెక్కితే చాలు, లోపల ఈల మొదలవుతుంది. "కచేరీ మొదలైంది, టికెట్లు తీసుకోండి" అంటాడు తనే. ఆవిడ నవ్వదు. ఆ ఈల ఎప్పుడు పెరిగిందో, ఎప్పుడు తగ్గిందో ఆవిడ చెవికి నిద్రలో కూడా తెలుసు. ఇంకోసారి ఘాటు పొగ తగిలితే మళ్ళీ మామూలు మనిషి కావడం కష్టమని డాక్టరు ఏనాడో చెప్పేశాడు.

చేత్తో చెక్కే మనిషికి లేజర్ మెషీన్ ఎందుకంటే, బొటనవేలు. కుడిచేతి బొటనవేలి కీలు అరిగిపోయి ఉలి మీద పట్టు చిక్కడం లేదు. పోయిన నెల పదవీ విరమణ చేస్తున్న ఒక పెద్దమనిషి పెన్ను మీద ఉలి జారి, ఆయన ఇంటిపేరు మధ్యలోంచి గీత పడింది. ఆ పెద్దమనిషి "పర్లేదమ్మా, ముప్పై ఏళ్ళ ఉద్యోగం తర్వాత నా మొహం మీద కూడా గీతలున్నాయి" అని నవ్వి తీసుకుపోయాడు గాని, ఆవిడకి ఆ రాత్రి అన్నం దిగలేదు. మెషీన్ కొనక తప్పదని అప్పుడే తేలిపోయింది. ఏ మెషీన్ అన్నదే తేలలేదు.

మరిది ఉన్నాడుగా తేల్చడానికి. ఒకప్పుడు కర్టెన్లు అమ్మాడు, తర్వాత నీళ్ళ ఫిల్టర్లు, ఇప్పుడు ఆఫీసులకి బహుమతి వస్తువులు అంటగడుతున్నాడు. రోజూ కొట్టు ముందు కౌంటరు మీద వాలిపోయి, జిడ్డు వేలితో ఫోన్ తెర జరుపుతూ వీడియోలు చూపించేవాడు. అందులో ప్రతివాడూ పెట్టె విప్పకముందే అద్భుతం అంటాడు, విప్పాక మహాద్భుతం అంటాడు. ఆ మెషీన్ వాడికి ఊరికే వచ్చిందని మాత్రం చచ్చినా చెప్పడు.

"వదినకి కొత్తది ఏదీ నచ్చదులే" అనేవాడు మరిది, అన్న వైపు కన్నుకొట్టి.

ఆ మాట ఆవిడకి ఎక్కడో గుచ్చుకునేది. నిజం కాకపోతే గుచ్చుకునేది కాదు.

సరే, నేనే చూసుకుంటానని గుడ్డసంచీలో తన సరుకు వేసుకుని బయల్దేరింది. ఒక ఇత్తడి బిళ్ళ, ఒక స్టీలు చెంచా, చెక్క బొత్తాం, పాత బెల్టులోంచి కోసిన తోలుముక్క.

మొదటి షాపులో టై కట్టుకున్న మనిషి అరచేతిలో పట్టేంత మెషీన్ తెచ్చి బల్ల మీద పెట్టాడు. "బ్యాగులో వేసుకుని ఎక్కడికైనా పోవచ్చు ఆంటీ. చెక్క, తోలు, లోహం, రాయి, ఏదైనా సరే."

ఆవిడ ఇత్తడి బిళ్ళ ఇచ్చింది. నీలం వెలుగు దాని మీద అటూఇటూ అయిదు నిమిషాలు పరుగెత్తింది. తుడిచి చూస్తే బిళ్ళ పుట్టినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది.

"దీనికి ముందు నల్లరంగు పూయాలి ఆంటీ."

"పూస్తే రంగు మీద చెక్కినట్టవుతుంది. ఇత్తడి మీద చెక్కినట్టు ఎలా అవుతుంది?"

"కస్టమర్లు అంతలా చూడరు ఆంటీ."

చూడరట! ఇరవై ఆరేళ్ళుగా ఆవిడ చేతి నుంచి వస్తువు అందుకున్న ప్రతివాడూ ముందు చేసేది గోటితో అక్షరాన్ని తడమడం. ఒళ్ళు మండింది గాని దిగమింగుకుని అసలు సంగతి అడిగింది. "పొగ ఎటు పోతుంది?"

"ఎటు పోతుంది, గాల్లోకి పోతుంది."

"మూత లేదా?"

"మూత విడిగా కొనుక్కోవాలి. ఎవరూ కొనరు."

రెండో షాపులో మెషీన్‌కి పక్కన చిన్న ఫ్యాను ఉంది. అది పొగని తీసుకెళ్ళి సరిగ్గా ఎదురుగా కూర్చున్న మనిషి మొహాన కొడుతోంది. ఇదేమిటని అడిగితే, "మీరు కాస్త పక్కకి జరగండి" అన్నాడు. మూడో షాపులో గోడనిండా నమూనాలు. ఎవరిదో పెళ్ళి, ఎవరిదో పసిపాప, ఎవరిదో చనిపోయిన తల్లి, అందరి కిందా ఒకేరకం వంకర్ల అక్షరాలు. చనిపోయిన తల్లి మొహం మీద ఎవరో టీ గ్లాసు పెట్టినట్టు గుండ్రటి మరక. ఆవిడ సంచీ తీసుకుని దిగిపోయింది.

"ఏమైంది?" అన్నాడు భర్త, ఆవిడ కొట్టుకి రాగానే.

"ఒక్కడికీ పొగ సంగతి తెలియదు. అందరికీ రేటు సంగతి తెలుసు."

"నా కోసమే వెతుకుతుంటే మానెయ్. నేను ముక్కుకి గుడ్డ కట్టుకుంటా."

"మీరు నోటికి కట్టుకోండి ముందు."

ఆవిడ ఇలా తిరుగుతుండగానే శనివారం మధ్యాహ్నం మరిది ఒక మెషీన్ చంకన పెట్టుకుని దిగాడు. ఎవరో స్నేహితుడిదట, మూడు రోజులు వాడి చూసుకోమన్నాడట. రెండో చంకలో అట్టపెట్టె. అందులో మూడు వందల తోలు కీచెయిన్లు. ఏదో కంపెనీ తన ఉద్యోగులకి పంచుతుంది, ఒక్కోదాని మీద ఒక్కో పేరు రావాలి. మాట ఇచ్చేసి వచ్చాడు.

ఇక్కడ ఆ కొట్టు గురించి ఒక సంగతి చెప్పాలి. అక్కడ ఫ్యాను లేదు, ఎప్పుడూ లేదు. వాచీలోని స్క్రూలు ఆవగింజలో సగం కూడా ఉండవు, గాలి తగిలితే ఎటు పోయాయో దేవుడికే తెలియాలి. అందుకని ఎండాకాలమైనా సరే ఫ్యాను ఉండదు, దుమ్ము రాకుండా షట్టరు నడుం దాకా దించే ఉంటుంది. కొత్తగా పెళ్ళై వచ్చినప్పుడు ఆవిడ చెమటలు కక్కుతూ విసుక్కుంది గాని, తర్వాత అలవాటైపోయింది. ఎంతగానంటే, షట్టరు అనేది పైకి కూడా లేస్తుందన్న సంగతే ఇద్దరూ మరిచిపోయారు.

మరిది మొదటి కీచెయిన్ పెట్టి మీట నొక్కాడు. సన్నటి పొగ లేచింది.

పేర్లక్క ముక్కు సంగతి కాంప్లెక్సంతా ఎరుగును. ఏ వస్తువు తెచ్చినా ముందు వాసన చూస్తుంది, తర్వాతే ఉలి తీస్తుంది. తోలు కాలితే వెంట్రుక కాలిన కంపు రావాలి. ఇది అది కాదు. బాత్రూం కడిగే యాసిడ్ ఘాటు. ముక్కులో సూది గుచ్చినట్టయింది. ఇది తోలు కాదని ఆవిడకి ఆ క్షణానే తెలిసిపోయింది. నోరు తెరిచింది.

మరిది ఆవిడ మొహం చూసి ముందే నవ్వాడు. "చెప్పు వదినా, దీనికి ఏం వంక పెడతావో."

ఆవిడ నోరు మూసుకుంది. అంతే జరిగింది. ముసలి చాదస్తం అనిపించుకోకూడదని, ఒక్క పూట కొత్తదాన్ని మెచ్చుకున్న మనిషిలా కనబడాలని, మాట మింగేసింది. ఆవిడ పేర్లు టైపు చేస్తుంటే సాయంత్రందాకా అరవై కీచెయిన్లు అయ్యాయి. భర్త పక్కనే వంగి ఎవరిదో పాత వాచీ విప్పుకుని కూర్చున్నాడు. రెండుసార్లు దగ్గాడు. షట్టరు నడుం దగ్గరే ఉంది.

ఆదివారం కొట్టు మూత. ఆ రోజంతా ఆయన జలుబు చేసిందని పడుకున్నాడు. ఈల గదిలోంచి వంటింటిదాకా వినిపించింది. సోమవారం తాళం తీసి చూస్తే, బల్ల మీద విప్పి ఉంచిన వాచీ చక్రాల మీద, స్క్రూల మీద, ఆయన పట్టకార్ల మీద, ఆవిడ ఉలుల మీద ఎర్రటి తుప్పు. ఒక్క ఆదివారంలో! ఆయన భూతద్దం పెట్టి చక్రాన్ని చూశాడు, పక్కన పెట్టాడు. ఇంకో గంటకి ఊపిరి అందక కౌంటరు పట్టుకుని నిలబడ్డాడు.

ఆసుపత్రిలో ముక్కుకి గొట్టం పెట్టి ఉంచారు. "ఏం కాల్చారు?" అని అడిగింది డాక్టరమ్మ.

"తోలు" అన్నాడు అప్పుడే వచ్చిన మరిది.

ఆవిడ వాడి వైపు చూసింది. తర్వాత తన చేతుల వైపు చూసుకుంది. ఇనుము తుప్పు పట్టడం కళ్ళకి కనబడింది, ఆయన లోపల ఏం జరిగిందో కనబడలేదు. తెలిసి కూడా పక్కన కూర్చుని పేర్లు టైపు చేసిన చేతులివే కదా అనిపించి, తన మీద తనకి కంపరం పుట్టింది.

మరిది వరండాలోకి పిలిచి గొంతు తగ్గించాడు. "వదినా, కోపగించుకోకు. ఈ రోజుల్లో వాచీలు ఎవరు బాగుచేయించుకుంటున్నారు? అన్నయ్యని ఇంట్లో కూర్చోబెడితే బల్లంతా మెషీన్‌కి వస్తుంది."

సొంత అన్న లోపల ఊపిరి కోసం కొట్టుకుంటుంటే, వీడు బల్ల కొలుస్తున్నాడు. చెంప పగలగొడదామన్నంత కోపం వచ్చింది. ఇంకా రోత ఏమిటంటే, మంచం మీద నుంచే అది విన్న భర్త సాయంత్రం మెల్లగా, "వాడన్నదీ నిజమేలే. నేను ఇంట్లో కిటికీ దగ్గర చేసుకుంటా" అన్నాడు.

"మీరు కదిలితే నేను కొట్టుకి తాళం వేస్తా" అంది ఆవిడ. "మెషీనే మీకు సరిపడేది రావాలి. మీరు మెషీన్‌కి సరిపడనక్కర్లేదు."

మర్నాడు ఒక కీచెయిన్ పట్టుకుని నాలుగో షాపుకి వెళ్ళింది. ఊరి చివర, ఒక రిపేరు షెడ్డు. నడిపేది ఒక లావుపాటి ఆవిడ, నవ్వడం తెలియని మొహం. కీచెయిన్ మీద పేరు వేసి చూపించమంటే, ముందు ఒక రాగితీగ ఎర్రగా కాల్చి దానికి అంటించి, మళ్ళీ మంటలో పెట్టింది. మంట ఆకుపచ్చగా లేచింది.

"ఇది తోలు కాదు, ప్లాస్టిక్. తోలు రంగు పూశారు" అంది. "దీన్ని నా మెషీన్‌లో పెట్టనివ్వను. మీది మీరు కొనుక్కున్నా పెట్టకండి. లోపల తుప్పు పడుతుంది, దానికంటే ముందు మీరు పోతారు."

అమ్మేవాళ్ళలో వద్దన్న మనిషిని చూడటం ఆవిడకి అదే మొదలు. "పొగ ఎటు పోతుంది?" అని అడిగింది అలవాటుగా.

షెడ్డావిడ ఒక మెషీన్ ముందుకి లాగింది. చేతిపిడి ఉన్న మూత పెట్టె, టిఫిన్ క్యారియర్‌కి రెట్టింపు ఉంటుంది. మూత ఎత్తితే వెలుగు ఆగిపోతుంది. వెనకనుంచి గొట్టం, దాని చివర గాలిని లాగి బయటికి తోసే ఫ్యాను. లోహం మీద చెక్కడానికి వేరే రకం వెలుగు ఉంది. ఇత్తడి బిళ్ళ పెడితే రంగూ గింగూ లేకుండా అక్షరం దిగింది, గోటికి తగిలింది. నెమ్మదిగా చేస్తుంది, బరువు ఎక్కువ, కొట్టు గోడకి గొట్టం పట్టేంత బెజ్జం కొట్టాలి. అన్నీ తనే చెప్పింది. పేర్లక్క అక్కడికక్కడే అడ్వాన్సు ఇచ్చేసింది.

ఇంక మిగిలింది ఆ కీచెయిన్లు. అరవై పూర్తయినవి ఆవిడ దగ్గరున్నాయి, మెషీన్‌నీ మిగతావాటినీ ఆసుపత్రి హడావిడిలోనే మరిది తీసుకుపోయాడు. ఆ అరవై వాడి మొహాన కొట్టి, కంపెనీకి నిజం చెప్పమనాలని ఆ సాయంత్రమే వాళ్ళింటికి వెళ్ళింది. వాడు ఇంట్లో లేడు. తోడికోడలు తలుపు తీసింది. మొహానికి చున్నీ చుట్టుకుని ఉంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. వెనకాల గదిలోంచి అదే ఘాటు తోసుకొచ్చింది.

పేర్లక్క ఆ పిల్లని పక్కకి తోసి లోపలికి నడిచింది. మంచం పక్కన స్టూలు మీద ఆ మెషీన్. కిటికీ మూసి, సందుల్లో గుడ్డలు కుక్కి ఉన్నాయి. పక్కింటివాళ్ళు కంపు అంటున్నారట. నీలం వెలుగు ఎవరిదో పేరు సగం రాసి ఉంది.

ఆవిడ ప్లగ్గు పీకేసింది. కిటికీ తలుపులు రెండూ బార్లా తీసింది. "ఎవరు చెయ్యమన్నారే నిన్ను ఇది? బుద్ధుందా? మీ బావగారు ఆసుపత్రిలో ఎందుకున్నారో తెలుసా?"

"పాత జబ్బు తిరగబెట్టిందన్నారక్కా" అంది తోడికోడలు, బిత్తరపోయి. "దీంతో ఏం కాదన్నారు. మీరే వాసన చూశారట కదా. మీ ముక్కుకి తెలియందేముంటుంది, మీరు వద్దనలేదంటే మంచిదేనని అన్నారు."

పేర్లక్క మంచం అంచున కూలబడింది. "తెలుసే. నాకు అప్పుడే తెలుసు. అనలేదు" అంది. "ఇప్పుడంటున్నా. ఇంక ఒక్కటి కూడా ముట్టుకోకు. డాక్టరు దగ్గరికి నడు, నాతో."

తోడికోడలు చున్నీ కిందికి లాక్కుని దగ్గింది. పొడి దగ్గు, రెండుసార్లు. తర్వాత ఆవిడని సముదాయిస్తున్నట్టు, మంచం కింద వరసగా పేర్చిన కొత్త అట్టపెట్టెలు చూపించింది.

"ఇంకా పన్నెండు పెట్టెలే ఉన్నాయక్కా" అంది.