సాంబ్రాణి పొగ వెనక వాసన

మిర్యాలగూడలో మూతపడ్డ ఐసు ఫ్యాక్టరీ గడప దాటగానే సాంబ్రాణి పొగ ఎదురొచ్చింది. ఆ పొగ వెనక నుంచి ఇంకేదో సూదిలా ముక్కులో గుచ్చుకుంది. కాలేజీ ప్రయోగశాలలో పీల్చిన వాసనే, ఐసు యంత్రం గొట్టాల్లో తిరిగే విషవాయువు అమ్మోనియా. కాళ్లు అక్కడే ఆగిపోయాయి.

హైదరాబాదులో కడుతున్న పెద్ద పరిశోధనశాలకు చల్లదనమిచ్చే యంత్రాలు కొనే పని మా ఆయనది. కొన్నాక వాటిని నడిపించే పనీ ఆయనదే. ఇంగ్లీషు యంత్రాల పుస్తకాలు నేనే చదివి చెప్పేదాన్ని. అందుకే పిల్లలిద్దరినీ సూర్యాపేటలో అత్తమ్మ దగ్గర వదిలి వెంట వెళ్లాను.

బేరం చూసే ముందు యంత్రానికి పూజ చేయడం ఆ ఫ్యాక్టరీ యజమానికి అలవాటట. గొట్టాలకు పసుపు, కుంకుమ, నాలుగు మూలలా సాంబ్రాణి. మా ఆయన పైఅధికారి దండం పెట్టి, కొనుగోలు కాగితం మీద సంతకం చేసేయమని మా ఆయనతో అన్నాడు. పొగ ఆర్పించమని నేను అడిగాను.

యజమాని నవ్వాడు. "ఏందమ్మా, దేవుని పొగ గూడ పడ్తలేదా నీకు?"

"దేవుని పొగ మా ఇంట్ల రోజూ పడ్తది. గీడ జర ఆర్పుండ్రి."

ఆడవాళ్లను ఆఫీసు పనికి తెస్తే ఇట్లాగే ఉంటుందని అధికారి విసుక్కున్నాడు. అయినా కిటికీలు తెరిపించి, పొగ పోయేదాకా నిలబడ్డాను. యంత్రాల పుస్తకంలో చదివిన ప్రకారం దీపం వత్తిని కరిగిన గంధకంలో ముంచి ముందే ఇంటి నుంచి తెచ్చుకున్నాను. అమ్మోనియా కారేచోట గంధకపు పొగ చిక్కగా, తెల్లగా మారుతుంది. వత్తి వెలిగించి గొట్టం వెంబడి నడిపాను. పసుపు దట్టంగా పూసిన అతుకు దగ్గర పాలు పొంగినట్టు తెల్లపొగ లేచింది. పసుపు గీకితే కింద రంగేసిన గుడ్డపేలిక.

అది చిన్న లోపమనీ, హైదరాబాదుకు చేరాక బిగించుకోవచ్చనీ అధికారి అన్నాడు. మా ఆయన కలం మూత తీసి నా వైపు చూశాడు.

"అయ్యా, పొద్దంతా దీని పక్కన కూసునేది మీరు గాదు, మా ఆయన" అన్నాను. "సంతకం పెట్టనియ్య."

పైకి రాసి ఉద్యోగం తీయిస్తానన్నాడు అధికారి. మా ఆయన కలం మూత పెట్టి జేబులో దోపుకున్నాడు. రాసుకొమ్మనండి, ఉద్యోగం పోతే ఇంకోటి దొరుకుతుందని ఆయనతో అన్నాను.

ఆ రాత్రికి సూర్యాపేట చేరాం. మర్నాడు మొదటి బస్సుకే ఆయన కోదాడ మీదుగా బెజవాడ బయల్దేరాడు, అక్కడ ఇంకో యంత్రం ఉందని విని. పిల్లలు లేచి పొగకు ఎర్రబడ్డ నా కళ్లు చూశారు. ఏడ్చినవా అమ్మా అని పెద్దది అడిగింది.

"ఏడ్వలే బిడ్డా. మీ నాయన కోసం కొట్లాడి వచ్చిన. మీకు యాడనన్న చెడు వాసనొస్తే, పెద్దోళ్లు వస్తలేదన్నా సరే, వస్తున్నదనే చెప్పుండ్రి."