గంట వినబడే చోటు

ఉదయం దేవుడి దగ్గర దీపం పెట్టి నేను మెట్లు దిగే వేళకి కింది వాటాలోంచి రోజూ ఒక కేక వినబడుతుంది: "అత్తయ్యా, ఇక నొక్కండి!"

కేక వేసేది ఇళ్లకు వైఫై పెట్టెలు బిగించే మనిషి. వీధంతా 'వైఫై తమ్ముడు' అంటుంది. ముందుగది అతని దుకాణం. వెనకగదిలో మంచం పట్టిన అత్తగారు. ఆవిడ చేతిలో వైరు లేని గంట మీట ఉంటుంది. నొక్కితే దుకాణంలో మోగాలి.

"నిన్న మోగిందిగా నాయనా! రాత్రికి రాత్రే దానికి మతి పోతుందా?"

"పోతుంది అత్తయ్యా. నొక్కండి."

అది మోగాకే అతనికి కాఫీ గొంతు దిగుతుంది.

రెండేళ్ల కిందట ఆ మంచం మీద జబ్బుతో అతని భార్య ఉండేది. దుకాణంలో నెట్ వేగం చాలడం లేదని ఒక మధ్యాహ్నం కొత్త పెట్టె పెట్టి, గాలిలో సంకేతాలు వెళ్లే దారంతా అదే వాడుకునేలా మార్చాడు. ఆ దారికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. వైఫైదీ అదే, ఆ గంటదీ అదే. ఒకరు కాస్త ఆగితేనే ఇంకొకరి మాట చేరుతుంది. సాయంత్రం లోపలికి వెళ్లేసరికి ఆమె ప్రాణం పోయి ఉంది, బొటనవేలు మీట మీదే ఉంది. దుకాణంలో గంట మోగనే లేదు.

అప్పటినుంచి పని మధ్యలో ఉన్నట్టుండి "వస్తున్నా" అంటూ లేస్తాడు. ఏ గంటా మోగి ఉండదు. లోపలికి వెళ్లి మంచం దగ్గర కాసేపు నిలబడతాడు. అత్తగారు అప్పుడు కళ్లు మూసుకుని నిద్ర నటిస్తుంది.

మొన్న ఆ కేక మూడుసార్లు వినబడింది. నాలుగోసారి కేక వేసినా గంట మోగలేదు. మరుక్షణం చెప్పులైనా లేకుండా మా గుమ్మంలో ఉన్నాడు.

"వదినగారూ, నిన్న కొత్త పెట్టె పెట్టించారా?"

"అవునయ్యా. నిన్ను పిలవలేదని అలకా?"

అతను నవ్వలేదు. చుట్టుపక్కల వైఫైలు ఒక్కోటీ ఎంత దారి ఆక్రమించాయో గీతలుగా చూపే ఫోన్ తెర నా ముందు పెట్టాడు. మా ఇంటి గీత తెరంతా కొండలా పరుచుకుని ఉంది.

"మీ తప్పు కాదు. అందరి దారే కదా, వాడుకుంటే ఏం అని నేనూ అనుకున్నాను. ఆ దారిలో మా గంటకి ఓ మూల కాస్త ఖాళీ వదలండి వదినా. రెండు నిమిషాలు, నేనే మారుస్తాను. ఈలోగా మీరు మా దుకాణంలో కూర్చోండి. గంట మోగితే ఒక్క కేక వేయండి." గడప దాటబోతూ ఆగాడు. "మోగకపోయినా సరే, ఒక్కసారి లోపలికెళ్లి చూడండి."