ఫారంలో లేని మొహం

మా మేనత్త బూట్ల ఫ్యాక్టరీలో పంతొమ్మిదేళ్లుగా సోళ్లు, అంటే బూటు అడుగులు, రుద్దుతోంది. సోలు నున్నగా ఉంటే జిగురు పట్టదు. గిర్రున తిరిగే ఇనుప బ్రష్షుకు ఆనించి దాన్ని గరుకు చేయాలి. ఎక్కువ ఆనిస్తే సోలు చిరుగుతుంది. తక్కువైతే నెల తిరక్కుండానే బూటు నోరు తెరుస్తుంది. ఎంత ఆనించాలో అత్త బొటనవేలికి తెలుసు. రుద్దినప్పుడల్లా నల్లటి రబ్బరు పొడి లేచి ముక్కులోకి, కనురెప్పల్లోకి, జడలోకి పోతుంది. ఇంటికొచ్చి ముక్కు చీదితే రుమాలు మీద సిరా ఒలికినట్టు ఉంటుంది. రెండేళ్లుగా దగ్గు పట్టుకుంది. మెట్లెక్కుతూ మధ్యలో ఆగి చెప్పు సరిచేసుకుంటున్నట్టు నటిస్తుంది. నేను ఆ ఇంట్లోనే ఉంటాను కాబట్టి ఆ నటన నా దగ్గర సాగదు.

ఆ పొడిని లాగేసే గొట్టం ఒక్కటి మిషన్ పక్కన బిగిస్తే చాలు. ఆమె అడిగింది ఎప్పుడూ అదొక్కటే.

పాత యజమానిని అడిగింది. ఆయన మంచివాడని మా వీధిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. మామయ్య పోయినప్పుడు కారేసుకుని వచ్చి, ముందు గదిలోని కుంటి కుర్చీలోనే కూర్చుని కళ్లు తుడుచుకున్నాడు. అత్తకు దగ్గు వస్తే తన సొంత డాక్టరు దగ్గరికి పంపాడు. గొట్టం మాటెత్తితే మాత్రం "నేనున్నాను కదమ్మా" అనేవాడు. ఆయన ఉన్నాడు. గొట్టం లేదు.

తర్వాత సముద్రం అవతలి కంపెనీ ఫ్యాక్టరీని కొనేసింది. వాళ్ల పద్ధతి వేరు. ఎవరింటికీ రారు, ఎవరి కష్టమూ వినరు, అన్నీ కాగితం మీద అడుగుతారు. సామాజిక బాధ్యతకని వాళ్లకో విభాగం, దానికో అధికారిణి. నిరుడు ఆవిడే స్వయంగా ఫారాలు పట్టుకుని వచ్చింది. కాలేజీ రెండో ఏడాదిలో మానేసినా మా ఫ్యాక్టరీలో కాస్త ఇంగ్లీషు వచ్చింది నాకే కాబట్టి, ప్యాకింగ్ నుంచి లాక్కొచ్చి నన్ను దుబాసీని చేశారు.

ఫారంలో జవాబులు రాయక్కర్లేదు. ఐదు మొహాలు గీసి ఉన్నాయి. మొదటిది బోరున ఏడుస్తోంది, చివరిది పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతోంది. మీరు పనిచేసే చోటు ఎలా ఉందో టిక్కు పెట్టాలి. రుద్దుడు సెక్షన్‌లో పదకొండు మంది ఆడవాళ్లు. పదకొండు మందీ నవ్వే మొహానికే పెట్టారు. అత్త కూడా.

"నీకేమైనా పిచ్చా అత్తా?" అన్నాను ఇంటికొచ్చాక.

"అంత దూరం నుంచి వచ్చిందిరా. ఎదురుగా నిలబడి చూస్తోంది. ఆవిడ కళ్లముందే ఏడుపు మొహానికి ఎలా పెడతాం? చుట్టం వచ్చి బాగున్నారా అంటే, బాగోలేం పొమ్మంటామా?"

ఇదీ మావాళ్ల తెలివి. వచ్చినావిడకు టిక్కంటే సాక్ష్యం, మావాళ్లకు టిక్కంటే మర్యాద. ఈ తేడా తెలిసినవాణ్ని ఆ గదిలో నేనొక్కణ్నే, నేనూ నోరు మూసుకునే కూర్చున్నాను.

రెండు నెలలకు ఉత్తరం వచ్చింది. నోటీసు బోర్డుకు అంటించడానికి నాచేతే మన భాషలోకి మార్పించారు. రుద్దుడు సెక్షన్ వాళ్లు ఫ్యాక్టరీ మొత్తంలో అందరికన్నా ఎక్కువ సంతోషంగా ఉన్నారట, అందుకని అక్కడ మార్పులు అక్కర్లేదట. ఆ ఏడాది బాధ్యత డబ్బుతో పక్క వీధి బడికి జారుడుబల్ల, ఊయలలు, గోడలకు రంగులు. అత్త నాచేత మూడుసార్లు చదివించుకుంది.

"అంటే నా టిక్కే నా గొట్టాన్ని మింగిందా?"

"నీదీ, మిగతా పదిమందిదీ."

"జారుడుబల్ల ఎక్కి దగ్గుకోమన్నారా నన్ను?"

పక్కనే రేడియో ఉంది. అత్త స్నేహితురాలు, పక్క మిషన్ ఆవిడ. నోరు ఆగదని ఆ పేరు పెట్టాం. "పోనీలే వదినా, ఊయలెక్కితే గాలి బాగా ఆడుతుంది" అని పకపకా నవ్వింది. అత్త నవ్వలేదు.

ఈ ఏడు ఆ అధికారిణి మళ్లీ వచ్చింది. చేతిలో అవే ఫారాలు, పక్కన కెమెరా అతను, వెనకాల మేనేజరు. ఆవిడ వస్తోందని పొద్దున్నే నేల కడిగించి, పొడి కనిపించకుండా సగం మిషన్లు ఆపించారు.

అత్త ఫారం తీసుకుని ఐదు మొహాలనూ వరసగా చూసింది. ఈసారి ఏడుపు మొహానికే పెడుతుందని అందరం అనుకున్నాం. రేడియో అప్పటికే పెన్ను అక్కడ ఆనించింది.

"ఆగవే!" అంది అత్త. "తప్పు వాళ్లది పెట్టుకుని ఏడుపు మనదా? ఒరేయ్, ఇందులో కోపం మొహం ఏదిరా?"

"లేదత్తా."

"ఎందుకు లేదో అడుగు."

అడిగాను. అధికారిణి తడబడింది. అన్ని దేశాలకూ ఇదే ఫారమనీ, ఇంతవరకూ ఎవరూ అలా అడగలేదనీ చెప్పింది. మేనేజరు నా చెవి దగ్గరికి వచ్చి, "అవన్నీ చెప్పకురా, ఏదో ఒకదానికి టిక్కు పెట్టించు" అన్నాడు. ఆ మాటా ఇంగ్లీషులో ఆవిడకు చెప్పేశాను.

అత్త తన స్టూలు తుడిచింది. "కూర్చోమను."

చుట్టాన్ని పనికి కూర్చోబెట్టే అలవాటు మాలో ఎవరికీ లేదు. పదిమందీ గుడ్లప్పగించి చూస్తున్నారు. అధికారిణి కూర్చుంది. అత్త వెనక నిలబడి, ఆవిడ చేతుల మీద చేతులు వేసి, సోలు పట్టించి, స్విచ్చు నొక్కింది. ఒక జత అయింది. రెండు. పొడి లేచింది. ఐదో జతకు ఆవిడ దగ్గడం మొదలుపెట్టింది. కెమెరా అతను ఫొటో తీయబోతే చేత్తో వద్దంది.

"రోజుకు ఎంతసేపు?" అని అడిగింది కళ్లు తుడుచుకుంటూ. చెప్పాను. "ఎన్నేళ్లుగా?" అదీ చెప్పాను.

"రాసుకుంటాను" అంది.

"నిరుడూ రాసుకుంది." అత్త మిషన్ ఆపేసింది. "గొట్టం పెట్టాకే మళ్లీ తిప్పుతాను. ఇదీ రాసుకోమను."

పక్క మిషన్ టక్కున ఆగింది. రేడియోది. ఆ తర్వాత తిరుగుతున్న మిగతావీ ఒక్కొక్కటే ఆగుతూ పోయి, పైన ఫ్యాను చప్పుడు మొదటిసారి వినిపించింది.

"ఏంటమ్మా ఇది? వచ్చినవాళ్ల ముందు పరువు తీస్తారా?" అన్నాడు మేనేజరు.

"పొద్దున్న నేలతోపాటు కడిగించేశావుగా బాబూ దాన్ని" అంది రేడియో.

మూడు రోజులు ఆ పదకొండు మందీ వేళకు వచ్చి, స్టూళ్ల మీద చేతులు కట్టుకుని కూర్చున్నారు. మేనేజరు కొత్తగా ఇద్దరిని తెచ్చి కూర్చోబెడితే ఒక్క పూటలో బుట్టెడు సోళ్లు చింపి వెళ్లిపోయారు. జిగురు సెక్షన్ ఆగింది, దాని వెనక మా ప్యాకింగూ ఆగింది. రెండో రోజు సాయంత్రం ఇంటికొచ్చాక అత్త పక్కన కూర్చున్నాను.

"పనిలోంచి తీసేస్తే ఏం చేస్తావు?" అన్నాను.

"తీసేస్తే తీసేయనీ. ఊపిరే అందకపోతే ఈ ఉద్యోగాన్ని నేనేం చేసుకోను? ఒకాయన కన్నీళ్లు పెట్టుకుని పోయాడు, ఇంకొకళ్లు బొమ్మల కాగితం ఇచ్చి పోయారు. గొట్టం అడిగితే ఇంత తిరుగుడేంట్రా?"

నాలుగో రోజు గొట్టాలు వచ్చాయి, వాటివెంట అధికారిణీ వచ్చింది. పదకొండు కాదు, ఏడే. బిగించడం అయ్యాక మేనేజరు మెరిసే స్టిక్కరు ఒకటి తెచ్చి అత్త గొట్టానికి అతికించాడు. "సమాజానికి మా కానుక" అని దాని మీద. కెమెరా అతను సిద్ధంగా ఉన్నాడు. పక్కన నిలబడి నవ్వమన్నారు.

"కానుకేంటి?" అంది అత్త. "బ్రష్షు కానుకా? స్విచ్చు కానుకా? ఇదీ మిషన్‌లో ముక్కే."

సోలు అంచులు కోసే కత్తి తీసి, స్టిక్కరును ఒక మూల లేపి, నెమ్మదిగా మొత్తం ఊడబెరికింది.

"అమ్మా, అది హెడ్డాఫీసు నుంచి వచ్చింది..." అంటున్నాడు మేనేజరు.

దాన్ని తీసుకెళ్లి ఆయన చేతిలోనే పెట్టింది. "మిగతా నాలుగూ ఏ రోజు వస్తాయో దీని వెనకాల రాసి సంతకం పెట్టు. అప్పటిదాకా ఈ ఏడు మిషన్లూ తిరగవు."

మేనేజరు అధికారిణి వైపు చూశాడు. ఆవిడ కళ్లు ఆయన చేతిలోని స్టిక్కరు మీదే ఉన్నాయి. ఆయన పెన్ను కోసం జేబులు తడుముకోవడం మొదలుపెట్టాడు.